కొమ్మ తిన్న మేకను వేలం వేయరాదని మనవి

తేది 9 జూలై 2019, మంగళవారం. తెల్లవారినప్పటి నుంచి ముసురు. గుట్ట మీద నుంచి దిగి దుకాణం ముందరి కాలువలో పేరుకున్న ఎర్రమట్టిని ఎత్తిపోశాను.

(పై నాలుగు ముక్కలు రోజూ రాసుకునే అలవాటు కొద్దీ పడ్డవి. కాగితం మంచిది కనుక చింపలేదు. మన్నించగలరు.)

శ్రీయుత చక్రధరరావు గారికి,
ముఖ్య అధికారి, నగర పంచాయతీ, కొర్రెంపాల్.

అయ్యా,

విషయం: బజారు పోలీసు పనిని గుత్తకు ఇచ్చిన దరిమిలా నా భార్య సోమమ్మకు చెందిన చూడి మేకను సొంతదారు లేని లావారిసు సొత్తుగా పట్టుకొనుట, వచ్చే శుక్రవారపు వేలం నుండి దానిని విడిపించుట గురించి.

ఇదే విషయమై లోగడ హిందీలో ఒక అర్జీ ఇచ్చుకున్నాను. తమ కార్యాలయం వారు దానిని విచారణ నిమిత్తం గార్డుల కంపెనీకి పంపినారు. కంపెనీ వారు మేకను పట్టుకున్న గార్డుకే ఆ విచారణ అప్పగించినారు. అతను నా దుకాణానికి వచ్చి, తన మీద ఫిర్యాదు చేసింది నేనేనా అని అడిగి, నేనే అనగా, విచారణ ముగిసినదని సంతకం పెట్టించుకుని, సైకిలుకు గాలి కొట్టించుకుని వెళ్ళినాడు. కనుక ఈసారి, ఆఫీసు మొత్తంలో తెలుగు వచ్చిన తమరొక్కరే చదవగలిగేటట్లు తెలుగులో రాస్తున్నాను. నేను బడికి పోయినవాణ్ణి కాను. భోపాల్‌పట్నం కిరాణా కొట్లో పొట్లాల కాగితాలు చదివి నేర్చుకున్నాను. తప్పులుంటే పొట్లాలవి.

1. పూర్వం మన బజారుకు హవల్దారు లక్మా ఉండేవాడు. అతనికి ఊళ్ళో మనుషులతో పాటు మేకలూ ముఖపరిచయమే. తప్పిపోయిన మేక కనిపిస్తే చెవి పట్టుకుని ఇంటికి తెచ్చి, "అక్కా, నీ బిడ్డ బజార్ల తిరుగుతున్నది, చాయ్ పెట్టు" అనేవాడు. విచారణ, తీర్పు, అమలు అంతా ఆ చాయ్‌లోనే అయిపోయేది. పట్టణానికి ఖర్చు తగ్గుతుందని అతన్ని పంపివేసి, గస్తీ, పట్టివేత, విచారణ మూడూ కంపెనీకి ఇచ్చినారు.

2. గార్డులు వచ్చిన మొదటి సంతనాడే బుట్టలు, కట్టెల మోపులు, ఇప్పపువ్వు మూటలు ఎత్తుకుపోయి గోదాములో వేసినారు. వాటి పక్కన మనుషులు లేరట. ఇక్కడి ఆచారం తమకు తెలియనిది కాదు. సొత్తు మీద పచ్చికొమ్మ పెట్టి వెళితే, పెట్టినవారు తిరిగి వచ్చేదాకా ఎవరూ ముట్టరు. మా పక్కింటి ముసలమ్మ పొజ్జే ఆనాడు సూపర్‌వైజర్‌ను నిలదీసింది.

"కొమ్మ పెట్టినంక దొంగ గూడ ముట్టడు. మీరు దొంగలకన్న ఎక్కువనా?"

"మాకు ట్రైనింగులో కొమ్మ గురించి చెప్పలేదమ్మా" అన్నాడాయన.

"మరి దొంగల్ని పెట్టుకోలేకపోయిన్రా? వాళ్ళకు తెలుసు గదా!"

3. ఆ గొడవ మీదట తమరు దయతో ఉత్తరువు ఇచ్చినారు: పచ్చికొమ్మ ఉన్న దేనినైనా పెట్టినవారు తప్ప అన్యులు కదిలించరాదు, కదిలించిన గార్డుకు జీతంలో కోత. ఉత్తరువు మంచిదే. కానీ మరుసటి సంతకే సారా కుండల మీద కొమ్మలు వచ్చినవి. రోడ్డుకు అడ్డంగా నిలిపిన ట్రాక్టరు మీద కొమ్మ వచ్చినది. ఒకడు తాగి నడిబజారులో పడిపోతే, వాడి భార్య వాడి మీద కొమ్మ పెట్టి కూరగాయలకు పోయినది. గార్డులు వాడి చుట్టూ నిలబడి ట్రాఫిక్ మళ్ళించినారు.

4. ఇక నా సంగతి. పోయిన శుక్రవారం మేకను పశువుల డాక్టరుకు చూపించి వస్తూ, చాయ్ తాగుదామని స్తంభానికి కట్టి, ఉత్తరువు ప్రకారం దాని మెడకు పచ్చికొమ్మ కట్టినాను. నేను చాయ్ తాగి వచ్చేలోగా మేక ఆ కొమ్మను తినివేసినది. కొమ్మ లేనందున లావారిసు అని గార్డులు గోదాముకు తీసుకుపోయినారు. అది పనసకొమ్మ అని ఇక్కడ ఒప్పుకొనుచున్నాను.

5. సోమమ్మ "మేక మెడకు పనసకొమ్మ కడతరా ఎవరన్న?" అని ఒక్కసారే అడిగినది. అటు తర్వాత నాతో మాటలాడలేదు. నేను సహజంగా తక్కువ మాటలాడేవాణ్ణి. మా ఇంట్లో మాటలన్నీ ఆమెవే. ఇప్పుడు అన్నం పళ్ళెం పెట్టిన చప్పుడును బట్టి ఆమె అభిప్రాయం గ్రహించవలసి వస్తున్నది. పెళ్ళయిన నాటి నుంచి ఇంత నిశ్శబ్దం నేను కోరుకున్నాననే అనుకునేవాణ్ణి. కోరుకోలేదు.

6. మేక నీదని సబూత్ చూపమంటున్నారు. మేకకు రసీదు లేదు, అది మా ఇంట్లోనే పుట్టినది. దానిని నాలుగు రోడ్ల కూడలిలో వదలండి, నేరుగా మా గుమ్మానికి రాకపోతే నన్ను పట్టుకోండి అన్నాను. సబూత్ లేనిదే వదలరట. వదలనిదే సబూత్ లేదు. ఈలోగా అది అలిగి వాళ్ళు వేసే తౌడు ముట్టడం లేదని గార్డులే చెప్పుకుంటున్నారు. చూడి మేక, అయ్యా. శుక్రవారం దాకా నిలుస్తుందో లేదో. నిలిచినా వేలంలో మాంసం కొట్టువాడు పాడుకుంటాడు.

7. ఖర్చు మిగిలినదని తమ కార్యాలయం బోర్డు మీద రాసినారు. నేనూ రోజువారీ పద్దు రాసుకునేవాణ్ణి కనుక ఒక మాట. ఒక పద్దులో ఖర్చు కనిపించకపోతే అది ఏ పద్దులోకి పోయినదో వెతకాలి. ఇది మా ఇంట్లోకి వచ్చినది. పట్టణం చిన్నదైతే పోలీసు ఖర్చు తగ్గించుకోవచ్చునని పెద్దలు అనుకొని ఉండవచ్చు. పట్టణం చిన్నదైనప్పుడు పోలీసుకు కావలసినది ఒక్కటే, ఎవరి మేక ఎవరిదో తెలియడం. అది గుత్తకు దొరకదు.

కావున మేకను విడిపించి, లక్మాను తిరిగి రప్పించి, రెండూ వీలుకానిచో మేకనైనా ముందు ఇప్పించి, నా ఇంట మాట నిలబెట్టవలెనని పై విన్నపమును దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
రామనర్సయ్య,
సైకిల్ దుకాణం, లోడింగు గేటు రోడ్డు.

మరొక మనవి: సంతకం పెట్టి కవరు అంటించబోగా పొజ్జే వచ్చి కేకవేసినందున గోదాము దాకా పోయి వచ్చి ఇది రాస్తున్నాను. సోమమ్మ గోదాము ఊచల గేటుకు పచ్చికొమ్మ కట్టి, ఎదురుగా అరుగు మీద కూర్చున్నది. సూపర్‌వైజర్, గార్డులు అందరూ లోపల. ఉత్తరువు ప్రకారం కొమ్మ పెట్టినవారు తప్ప అన్యులు గేటు కదిలించరాదు. జీతం కోతకు జడిసి ఎవరూ ముట్టలేదు.

"అమ్మా, భోజనం వేళయింది, కొమ్మ తీయండి" అని సూపర్‌వైజర్ బతిమాలినాడు.

"నా మేకకు గూడ భోజనం వేళ అయింది."

"అది మీదేనని సబూత్ ఏదీ?"

ఆమె కట్టినది పనసకొమ్మ అని అప్పుడు చూసినాను. కట్టు కూడా కొంచెం కిందికి, లోపలివైపుగా ఉన్నది. నాలుగు దినాలుగా తౌడు ముట్టని జీవం మూల నుంచి లేచి వచ్చి, ఊచల దగ్గర నిలబడి, ఆకు ఆకుగా నింపాదిగా కొమ్మంతా తినివేసినది. సూపర్‌వైజర్ తల పట్టుకుని అరిచినాడు.

"అయ్యో! కొమ్మ పోయింది! నా జీతం కోస్తారు! నేను కాదు, మీ మేకే తినేసింది, అందరూ చూశారు గదా!"

పొజ్జే వెంటనే జనం వైపు తిరిగినది. "విన్నరా? ఏమన్నడు? మీ మేక అన్నడు. ఇగ ఇడువు."

గేటు తెరిచినారు. పైన రాసిన 6వ అంశం కొట్టివేసినట్లు భావించగలరు. లక్మా విషయం అలాగే ఉన్నది. 7వది కూడా. మేకకు నొప్పులు మొదలైనట్లున్నవి. సోమమ్మ వాకిట్లో నుంచి నాలుగు దినాల తర్వాత నాతో మాటలాడుచున్నది: "ఏంది, ఇంకా రాసుకుంటనే కూసున్నవా? ఈడికొచ్చి గోనెసంచి పరువు." కనుక మిగతా