ఎదురు వరుస

1971 అక్టోబర్ 11
నిజామాబాద్ వెళ్లొచ్చాం. అక్కడ కంఠేశ్వర్ పేటలో డాక్టరు నా చేతులు అటూ ఇటూ తిప్పి పార్కిన్సన్స్ అన్నాడు. టాబ్లెట్లు రాశాడు. రోజూ నడవాలట. నడవగలిగితే బోధన్ నుంచి బస్సెక్కి నీ దగ్గరికెందుకు వస్తానయ్యా? లేచి నిలబడతాను. కాళ్లు కదలవు, మేకులు కొట్టినట్టు. ముప్పై ఏళ్లు చెరకు కాంటా దగ్గర నిలబడ్డ కాళ్లు. ఇప్పుడు గడప దాటాలంటే కోడలు చెయ్యి పట్టాలి. థూ.

అక్టోబర్ 29, కార్తీక ఏకాదశి
పదకొండేళ్లుగా ఈ రోజు తలుపులు మూసుకుని కూర్చుంటాను. ఇవాళ గోదావరి తలుపు తీసి పెట్టింది. కోడలికి ఏం తెలుసు పాపం. పాండురంగ భజన మండలి మా గల్లీలోకి వచ్చింది. తాళాలు మోగాయి. నా కుడికాలు లేచింది! వెనకే ఎడమకాలు. ఎవరూ పట్టుకోకుండానే గడప దాటి గల్లీలోకి వెళ్లిపోయాను. నడుస్తున్నవే మామా, నడుస్తున్నవే అని గోదావరి ఏడుపందుకుంది.

మండలిలో తారాబాయి ఉంది. తుకారాం భార్య. నన్ను చూసి ఆగిపోయింది.

అక్టోబర్ 30
పొద్దున్నే తారాబాయి వచ్చింది. కొంగులోంచి తుకారాం తాళాలు తీసింది. వాటి తాడు అతని ముంజేతికి చుట్టుకుని ఉండబట్టి పదకొండేళ్ల కిందట కాలువలో శవంతోపాటు అవీ దొరికాయి. దినాం వచ్చి కొడ్త, నువ్వు నడువు అన్నా, మా ఆయన జోడీవి, నిన్ను మంచంల పండనిస్తనా అంది. వద్దని ఏం కారణం చెప్పను?

జోడీ అంటే ఇదీ. ఊరేగింపులో రెండు వరుసలు ఎదురెదురుగా నిలబడి తాళం కొడుతూ అడుగులేస్తాయి. ఒక వరుస ముందుకు నడుస్తుంటే ఎదుటి వరుస వెనక్కి నడుస్తుంది. ఎదురుగా ఉన్నవాడే జోడీ. ఇరవై ఏళ్లు తుకారాం నాకు జోడీ.

నవంబర్ 2
వాకిట్లో నలభై అడుగులు. నిన్న గోదావరి రేడియో పెట్టి చూసింది. ఊహూఁ. నా కాళ్లకి భక్తి ఎక్కువ, సినిమా పాటలకి లేవవు.

ఇంకో సంగతి. నేను ఒక్కణ్ణే నడవడం లేదు. తారాబాయి పక్కన కూర్చుని తాళం కొడుతుంది. నా ఎదుట తుకారాం వెనక్కి అడుగులేస్తుంటాడు. ఎవరికీ చెప్పలేదు. కాళ్లతోపాటు బుర్ర కూడా పోయిందంటారు.

నవంబర్ 9
ఇవాళా వచ్చాడు. బట్టల్లోంచి నీళ్లు కారుతున్నాయి.

నవంబర్ 20
డాక్టరు ముందు ఆ గోడ నుంచి ఈ గోడకి నడిచి చూపించాను. తారాబాయి తాళం కొట్టింది, బయట పేషెంట్లు నవ్వారు. వణుకు తగ్గింది, నిద్ర పడుతోంది, మలబద్ధకం కూడా పోయింది. డాక్టరు చీటీ మీద టాబ్లెట్ల కింద ‘భజన, రోజూ అరగంట’ అని రాశాడు. బస్సులో తారాబాయి నా టవల్ భుజాన సర్దింది. కిటికీలోంచి దూకేద్దామనిపించింది.

నవంబర్ 24
రాసేస్తాను. ఇక్కడైనా.

1960 ఏకాదశి. నిజాంసాగర్ కాలువ కట్ట మీద ఊరేగింపు. తూము దగ్గర తుకారాం వెనక్కి పడ్డాడు. తల రాయికి తగిలింది, నీళ్లు లాక్కుపోయాయి. భక్తిలో కళ్లు మూసుకున్నాను, చూడలేదు అని అందరికీ చెప్పాను. తారాబాయి నన్నే ఓదార్చింది. దేవుని మీద కండ్లు మూసుకున్నోనికి ఏమెర్కైతది అన్నా అంది.

నా కళ్లు తెరిచే ఉన్నాయి. అతని వెనక కట్ట అంచు తెగి ఉండటం చూశాను. వెనక్కి నడిచేవాడికి దారి కనపడదు. ఎదుటివాడే చూడాలి, తాళం ఆపాలి. మండలిలో చేరిన రోజే నేర్పే మాట ఇది. కానీ ఆ రోజు తాళం అంత బాగా పడింది. జనమంతా మా జోడీనే చూస్తున్నారు. ఇంకొక్క చుట్టు వేసి ఆపుదాంలే అనుకున్నాను. అతను నా మొహం చూసి నవ్వుతూ వెనక్కి వెళ్లాడు.

ఇప్పుడు చెబితే తారాబాయి రాదు. ఆమె రాకపోతే నాకు మంచమే గతి. అందుకే నోరు మూసుకుని నడుస్తున్నాను. ఇంత నీచుణ్ణి నేను.

నవంబర్ 27
చొక్కా గుండీలు నేనే పెట్టుకున్నాను. తారాబాయి చిన్నపిల్లాణ్ణి మెచ్చుకున్నట్టు మెచ్చుకుంది. నువ్వు నడుస్తుంటే మా ఆయన నడ్సినట్లే అనిపిస్తది అన్నా అంది. ఇక నా వల్ల కాలేదు. అంతా చెప్పేశాను. తాళాలు ఒళ్లో పెట్టుకుని చివరిదాకా విన్నది. కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది.

నవంబర్ 28
రాలేదు.

డిసెంబర్ 1
రాలేదు. గోదావరి గరిటెతో కంచం మోగించింది, పిచ్చిపిల్ల. కాళ్లు లేవలేదు. తుకారాం కూడా రాలేదు.

డిసెంబర్ 4
వచ్చింది. గోదావరి చేత నన్ను అరుగు మీద నిలబెట్టించింది. పక్కన కూర్చోలేదు, నా ఎదుట నిలబడింది. ఇయ్యాల నువ్వు ఎన్కకు నడువు అంది. తాళం కొడుతూ ముందుకు వచ్చింది. వెనక్కి వెళ్లాను. తిరిగి చూడలేదు. అరుగు అంచు జానెడు ఉందనగా తాళం ఆపింది.

గింతే అన్నా, గింతే జేసేదుండె నువ్వు అంది.