అమ్మ ఎడమ కనుబొమ

జూలై 3
అమ్మ పోయి నెల కావస్తా ఉంది. ఆదివారం జ్ఞాపకార్థ కూడిక. పెట్టడానికి మంచి ఫొటో లేదు. ఉన్నదల్లా ఆధార్ కార్డులోది — అందులో అమ్మ ఎవరో తెలీనట్టుంది. మా ఆయన బొమ్మ గీస్తానన్నాడు. పడవల మీద పేర్లు, బొమ్మలు వేసే చెయ్యి. నవ్వు మాత్రం నువ్వే చెప్పాలన్నాడు.

జూలై 4
బడిలో లెక్కలు చెప్పి ఇంటికొచ్చేసరికి పెన్సిలు చెక్కుకొని కూర్చోనున్నాడు.
"కళ్లు మూసుకో రూతూ. అమ్మని చూడు. ఏం కనిపిస్తా ఉందో చెప్పు."
చీకటి. ఇంకోసారి... చీకటే.
మీకు కనిపిస్తుందా అని అడిగినాను. కనిపిస్తుందంట, చీర రంగుతో సహా. నలభై ఒక్కేళ్లు వచ్చినాయి నాకు. ఊహించుకో అంటే మాటవరసకి అంటారనుకున్నానే ఇన్నాళ్లూ.

జూలై 5
చెల్లెలు ఎస్తేరుకి ఫోన్ చేసినాను. దానికీ కనిపిస్తుందంట. పెట్టేసినాను.
ముఖం కూడా మిగల్చుకోలేదంటే... అమ్మని సరిగ్గా ప్రేమించలేదా నేను?

జూలై 6
ఈయనకి చెప్పేసినాను, కళ్లు మూస్తే నాకు చీకటి తప్ప ఏమీ కనిపించదని. నవ్వలేదు. పెన్సిలు చేతిలోకి తీసుకొని — "చూడొద్దులే. తెలిసింది చెప్పు, లెక్క చెప్పినట్టు."
పాపిడి నడిమికి కాదు, వేలెడు కుడికి. ఎడమ కనుబొమ పొట్టి. నవ్వొస్తే ముందు కుడి బుగ్గ ముడత పడుతుంది, పెదాలు తర్వాత. పైపన్ను ఒకటి పక్కదాని మీదికి ఎక్కి ఉంటుంది... ఎక్కడ దాచుకున్నానో ఇవన్నీ. నోరు ఆగలేదు.
ఈయన చెరిపి చెరిపి గీసినాడు. తనకి కనిపించే అమ్మకి కనుబొమలు రెండూ సమానమేనంట. పదిహేనేళ్లు ఒకే ఇంట్లో ఉండి గమనించలేదే అని బాధపడినాడు.

జూలై 7
నుదురు తప్పు. సరిచేసినాడు.

జూలై 9
కూడికలో ఎస్తేరు బొమ్మ ముందర నిలబడిపోయింది. "అక్కా, మనల్ని తిట్టబోయి నవ్వేసేటప్పటి అమ్మ." అవును. చూడంగానే నాకూ తెలిసింది.
పాస్టరుగారు ప్రార్థన చేద్దామంటే కళ్లు మూసుకున్నాను. చీకటే. భయం మాత్రం వెయ్యలేదు.

జూలై 11
రేపు ఈయన గూడూరు పోతాడు, నిమ్మకాయల లారీలకి పేర్లు రాసేదానికి. వారం పని. సంచి సర్దుకుంటా అడిగినాడు — "నేను లేనప్పుడు నేనూ కనిపించనా నీకు?" తమాషాకే అన్నట్టున్నాడు. చేతులు మాత్రం ఆగినాయి.
ఎదురుగా కూర్చున్నాను. కుడి చెవి కింద పుట్టుమచ్చ. గోళ్ల సందుల్లో నీలం రంగు, ఎంత కడిగినా పోనిది. నవ్వితే ముందు చిన్నదయ్యేది ఎడమ కన్నా, కుడి కన్నా?
ఒకసారి నవ్వండి అన్నాను.
నవ్వడం లేదు. నన్నే చూస్తా ఉన్నాడు...