కొబ్బరినూనె సలహా

ముక్తార్ భాయ్‌కి వికారాబాద్ నుంచి సలాములు.

మీ తాండూరు కందిపప్పు వెన్నలా ఉడికింది. రాయవలసింది పప్పు గురించి కాదులే.

షుగర్ వల్ల చర్మం బిగిసిందని ఈ వయసులో నాకు సున్తీ చేశారు కదా. పుండు మానింది గానీ, మధ్యాహ్నం తలుపేసుకుని నాకు నేను సుఖపడే పని ఆగిపోయింది. చెయ్యి ఒరుసుకుని మంట పుట్టేది. సుఖం పోతే పోయింది, చనిపోయిన నా అనసూయ ముఖం స్పష్టంగా కనబడేది ఆ కాసేపే.

సిగ్గు విడిచి ఫోన్లో నిన్నడిగితే నవ్వావు. "అరే యార్, మేం చిన్నప్పటి సంది గిట్లనే ఉన్నం. జర కొబ్బరినూనె రాసుకో. తొందరపడకు, కొత్త పెండ్లికొడుకు లెక్క మెల్లగ తెలుసుకో" అన్నావు.

ఇంట్లో ఉన్నది ఆమె తలనూనె సీసా ఒక్కటే. ఎక్కడ నిమిరితే హాయో, ఎక్కడ ఆగాలో మెల్లగా తెలుసుకున్నాను. ముసలి ఒళ్లు నాకే కొత్త ఊరైంది.

ఆమె వచ్చింది, భాయ్. మునుపు పని కాగానే వెళ్లిపోయేది. ఈసారి మంచం చివర కూర్చుని జడ అల్లుకుంటూ, "నా నూనె ఎవల్నడిగి తీసినవ్?" అంది. ఇంకా అక్కడే ఉంది.

ఫోన్లో చెబితే వింటుందని రాస్తున్నాను. ఆదివారం వస్తానన్నావు కదా, రావద్దు. తలుపు తీస్తే లేచి వెళ్లిపోతుందేమో.