గొంతు బాగానే ఉంది అత్తయ్యా

కత్తి పట్టినా చేయి వణకని అత్తయ్యకు, కీబోర్డు ముట్టుకున్నా వణికే మేనకోడలు నమస్కరించి రాయునది.

ఫోన్ చేస్తే ఎప్పుడూ ఆపరేషన్‌లో ఉన్నావంటారు, అందుకే ఉత్తరం. మా సాఫ్ట్‌వేర్ టీమ్ లీడర్ వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు. ఆ కుర్చీ నాకివ్వాలో, మైకు మామకివ్వాలో బాసు నెలాఖరుకి తేలుస్తాడట. మైకు మామంటే మా టీమ్‌లో పెద్ద గొంతు. నేను నోరు తెరిచేలోపు ఆయన మీటింగు ముగించేస్తాడు. నాకా కుర్చీ కావాలి, మొహమాటం లేకుండా చెబుతున్నా. అంతమంది మగ సర్జన్ల మధ్య నువ్వు సర్జరీ విభాగానికి పెద్దవెలా అయ్యావు?

నీ మేనకోడలు

తా.క. "కష్టపడ్డాను" అని రాశావో, ఉత్తరం వెనక్కి పంపేస్తా.

*

మొహమాటం వదిలిన మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

కష్టపడలేదు, సరేనా. రెండే పనులు చేశా. కత్తి ముట్టుకునే ముందు గదిలో ప్రతి ఒక్కరి చేతా, నేల తుడిచే ఆయనతో సహా, పేరూ పనీ చెప్పించి, ఇవాళ దేనికి భయపడుతున్నారో అడుగుతా. రెండోది, మెల్లగా మాట్లాడతా. అప్పుడు చచ్చినట్టు వింటారు. నువ్వూ అదే చెయ్యి.

మీ అత్తయ్య

తా.క. నా భోజనం డబ్బా ఎవరో ఖాళీ చేశారు. ఇద్దరు జూనియర్ల మీద అనుమానం. మీ ఆఫీసుల్లో దొంగను ఎలా పట్టుకుంటారు?

*

నన్ను నట్టేట ముంచిన అత్తయ్యకు నమస్కారాలు.

చేశాను, ఆఫీసులో కూర్చుని వీడియో మీటింగులో. మెల్లగా మాట్లాడేసరికి సగం మంది నా మైకు పోయిందనుకున్నారు, మిగతావాళ్ళు వాళ్ళ కంప్యూటర్లు ఆపి మళ్ళీ పెట్టారు. తీరా అందరూ మళ్ళీ వచ్చాక పేరూ పనీ చెప్పించి, భయాలు అడిగా. "అరవకపోతే నన్నెవరూ పట్టించుకోరని భయం" అన్నాడు మైకు మామ. పాపం అనిపించింది. నా వంతు వస్తే, "నేను లేకపోయినా ఇక్కడ పని ఆగదేమోనని భయం" అన్నా. అదీ మెల్లగానే. బాసు నా గొంతు పోయిందని తీర్మానించి, సెలవిచ్చి ఇంటికి పంపేశాడు. కాదు మొర్రో అంటే "మాట్లాడకు, మాట్లాడకు" అంటాడు. నా పని కూడా మామే చూస్తున్నాడు. కుర్చీ గోవిందా.

ఇట్లు, గొంతు బాగానే ఉన్న మేనకోడలు

తా.క. మేం దొంగను పట్టుకోం. సాఫ్ట్‌వేర్ ఏదైనా కూలితే "ఎవరు చేశారు" అని అడగకూడదు. "ఎలా జరిగింది" అనే అడగాలి.

*

ఇంట్లో మూగనోము పట్టిన మేనకోడలికి అత్తయ్య దీవెనలు.

నీ మాట పట్టుకుని విచారణ పెట్టా. పేర్లెత్తకుండా డబ్బా ఎలా ఖాళీ అయిందో చెప్పమన్నా. "ఒకానొక డాక్టరు రెండు ఆపరేషన్ల మధ్య ఒకానొక స్టూలు మీద కూర్చుని, ఎక్స్‌రే చూస్తూ, ఒకానొక డబ్బా ఖాళీ చేశారు" అంది నర్సు. ఎవరా డాక్టరని అడగబోయి నాలుక కరుచుకున్నా. నేల తుడిచే ఆయన మాత్రం నా కోటు మీద కూర మరక వైపే చూస్తున్నాడు. తిన్నది నేనే. "ఎవరు" అని మొదలుపెట్టి ఉంటే ఆ జూనియర్లిద్దరినీ నమిలేసేదాన్ని. సిగ్గుతో చచ్చాననుకో.

నీ గొంతు బాగుందని సర్టిఫికెట్ పెడుతున్నా. మీ బాసు మొహాన కొట్టు.

మీ అత్తయ్య

తా.క. నేను గొంతు డాక్టర్ని కాదు. అందుకే సంతకం గజిబిజిగా పెట్టా.

*

డబ్బాతో పాటు జూనియర్లనూ తినబోయిన అత్తయ్యకు నమస్కారాలు.

సర్టిఫికెట్ అక్కర్లేకపోయింది. నేను సెలవులో ఉండగా మా సాఫ్ట్‌వేర్ మొత్తం కూలింది. బాసు పరిగెత్తుకొచ్చేసరికి మైకు మామ ఒక్కొక్కరి చేతా పేరూ పనీ భయమూ చెప్పిస్తున్నాడట, అదీ మెల్లగా. టీ చల్లారేలోపు బాగుచేసేశారు. నాకెవరూ ఫోను కూడా చెయ్యలేదు. అది విని ఏడుపొచ్చింది. నా భయం అక్షరాలా నిజమైంది కదా.

బాసు పిలిచాడు. "పాత లీడరు ఒక్కపూట రాకపోతే అందరూ చేతులు ముడుచుకు కూర్చునేవాళ్ళు. నువ్వు ఒక్క మీటింగు పెట్టి ఇంట్లో పడుకున్నావు, పని ఆగలేదు. కుర్చీ నీది" అన్నాడు.

ఇట్లు, టీమ్ లీడర్

తా.క. ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నా. బాసు కూడా మెల్లగా మాట్లాడుతున్నాడిప్పుడు, ఒక్క ముక్క వినపడి చావదు.