హమ్దూన్ దాటేసిన అధ్యాయం

గ్రనాదా, అల్‌బయ్యాజీన్ పేట
బాదం పూలు రాలుతున్న రోజులు

చిరంజీవి లుబాబాకు నాయనమ్మ దీవెనలు.

దేవుడి దయవల్ల ఇక్కడ మేమంతా క్షేమం. మీ నాన్న దగ్గు, నా మోకాలు, వంటింటి కప్పు కారడం కూడా ఆ క్షేమంలో కలిపే చెబుతున్నాను. విడివిడిగా రాస్తే కాగితం చాలదు. ఫేజ్ నగరంలో నువ్వు, నీ భర్త ఖలఫ్, నేనింకా చూడని ఆ పసిపిల్ల సుఖంగా ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం మాలఖా వర్తకుడి చేత అందింది. దారిలో దానికి ఎండుచేపల వాసన పట్టింది. అది నీ తప్పు కాదు. ఆ చేతిరాత మాత్రం నీ తప్పే.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. పిల్ల సాయంత్రాలు కడుపునొప్పితో ఏడుస్తోందన్నావు. సోంపు మరిగించి నువ్వు తాగు, పిల్లకు పొయ్యకు. కావలసింది పాలతో అదే వెళుతుంది. మీ అత్తగారు తేనె నాకించమంటే సరేనని తల ఊపి, ఆవిడ అటు తిరగగానే నువ్వు నాకెయ్. గాడిదను అమ్మేశామా అన్నావు. లేదు. బేరానికి వచ్చినవాణ్ణి అది కరిచింది. అప్పటినుంచి మీ అమ్మ దాన్ని ఇంటి మనిషిగానే లెక్కవేసి రెండు పూటలా తిడుతోంది.

ఇక నువ్వు ఉత్తరం చివర, ఏదో మరిచిపోయి గుర్తొచ్చినట్టు అడిగిన సంగతి. ప్రసవాల పుస్తకం మొత్తం నా దగ్గర విన్నట్టు, ఇతరులకు నేర్పవచ్చని అనుమతి పత్రం రాసి పంపమన్నావు. అక్కడి మంత్రసానులకు నేర్పుతానన్నావు. "తూనిస్ పండితులు ముఖమైనా చూడనివాళ్లకు పత్రాలు పంపుతున్నారు నాయనమ్మా, నీ సొమ్మేం పోయింది?" అని కూడా రాశావు.

పంపను. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు.

ఆ పుస్తకం రాసింది కొర్దోవా వైద్యుడు. ఆ ఊరు శత్రువు చేతిలోకి పోయాక ఆయన పిల్లలు దాన్ని ఇక్కడికి తెచ్చుకున్నారు. ఆయన మనవరాలి ముందు కూర్చుని నేను విన్నాను. ఆమె నోట విన్నవాళ్లలో ఇప్పుడు నేలమీద తిరుగుతున్నది నేనొక్కదాన్నే. నకళ్లంటావా, బజారులో కావలసినన్ని. నకలు రాసేవాడికి ఆకలి వేస్తే గింజెత్తు మందు గుప్పెడవుతుంది. కాగితాన్ని గురువు చేసుకున్నవాడి దగ్గర వైద్యం చేయించుకునేకంటే గాడిద చేత కరిపించుకోవడం మేలు.

హమ్దూన్ అని ఒకడు, నిరుడు ఇక్కడి వైద్యశాలలో చేరాడు. గుండెల దాకా గడ్డం, వినయం దానికి రెండింతలు. కోతల కాలమంతా మా ఇంటికి వచ్చి తెర అవతల కూర్చుని పుస్తకం మొత్తం నాకు చదివి వినిపించాడు. ఇవతల నేను, నా పక్కన మీ అమ్మ ముజ్నా. ముగిశాక, మొదటినుంచి చివరిదాకా నా ముందు చదివాడని పత్రం రాసి సంతకం చేశాను.

పోయిన నెల మంత్రసాని తమీమా చెప్పులు కూడా విడవకుండా లోపలికి వచ్చింది.

"అమ్మగారూ, కాన్పయి మాయ పడకపోతే బొడ్డుతాడు పట్టి లాగమని మీ పుస్తకంలో ఉందా?"

"లాగితే తల్లి చస్తుందని ఉంది. ఒక అధ్యాయం నిండా అదే ఉంది."

"హమ్దూన్ గారు లేదంటున్నారు. పుస్తకమంతా మీకు చదివి వినిపించారట, లాగొద్దన్న మాట ఎక్కడా రాలేదట. ఇదుగో సంతకం అని పత్రం చూపిస్తున్నారు. కుమ్మరి వీధి పిల్ల కాన్పులో తాడు నా చేతికిచ్చి లాగమన్నారు. నేను లాగనంటే లాగనని గొడవ పడుతుంటే మాయ దానంతటదే పడింది. బతికిపోయింది."

దేవుడు నా సంతకం వైపు చూడకుండా ఆ పిల్ల వైపు చూశాడు. అంతే.

హమ్దూన్‌ను పిలిపించాను. వచ్చి తెర అవతల కూర్చున్నాడు.

"ఆ అధ్యాయం చదివావా నాయనా?"

"అదీ... అమ్మగారూ, అందులో కొన్ని మాటలు ఉన్నాయి. ఆడవాళ్ల ముందు పైకి చదవడానికి నోరు రాలేదు. పుటలు తిప్పేశాను, మళ్లీ తెరవలేదు."

మీ అమ్మ ఊరుకుంటుందా? "పిల్లలు పుట్టే పుస్తకం నేర్వడానికి వచ్చి సిగ్గుపడ్డావా? ఈతకు వచ్చి తడిసిపోతానన్నట్టుంది," అంది.

"తప్పే ముజ్నా గారూ. కానీ అమ్మగారు ఆపలేదు. మళ్లీ చదవమనలేదు. వారికీ ఇబ్బందిగా ఉందేమో, పోనీలే అన్నారేమో అనుకున్నాను."

నేను ఎందుకు ఆపలేదో అప్పటికి ఆ గదిలో ఉన్నవాళ్లలో ఇద్దరికే తెలుసు. ఇప్పుడు నీకూ తెలియాలి కాబట్టి రాస్తున్నాను. నాకు చెవులు వినపడవు లుబాబా. నీ పెళ్లి అయిన ఏడాది ఎడమది మొద్దుబారింది. నిరుడు కుడిది కూడా దాని దారినే పోయింది. పైన రాసిన మాటలన్నీ మీ అమ్మ పలక మీద రాసి చూపినవే. తన మాటలైతే అప్పుడప్పుడు మెరుగు పెట్టి రాస్తుంది, నాకు తెలుసు.

పాఠాల్లో ఆవిడ మొహమే నాకు చెవి. ఆవిడ కనుబొమలు ముడిపడితే "మళ్లీ చదువు" అనేదాన్ని. ఆ అధ్యాయం వచ్చిన రోజు ఆవిడ వంకాయలు మాడుతున్నాయని వంటింట్లోకి వెళ్లింది. నేను గంభీరంగా తల ఊపుతూ కూర్చున్నాను. తల ఊపడం చాలా తేలిక. ఎంతోమంది పెద్దమనుషులు దానితోనే జీవితం వెళ్లదీశారు. నేను వాళ్లలో చేరతానని మాత్రం అనుకోలేదు.

శుక్రవారం నమాజు అయ్యాక పెద్ద మసీదు ముంగిట, ఖాజీ గారి మనిషి చేత నలుగురి ముందూ చదివించాను. నాకు వినపడదు, నిరుటినుంచి నేనిచ్చిన పత్రాలేవీ చెల్లవు, తెచ్చి తిరిగి ఇచ్చేయండి అని. మీ నాన్న మొహం ఎత్తలేకపోయాడు.

"పరువు పోతుందమ్మా, నెమ్మదిగా ఇంటింటికీ చెప్పుకుందాం," అని పలక మీద రాశాడు.

"తాడు లాగడం నెమ్మదిగా జరగదురా," అన్నాను.

హమ్దూన్ ముందుగా తనే వచ్చి పత్రం నా చేతిలో పెట్టాడు. వాణ్ణి, తమీమాను కూర్చోబెట్టి ఆ అధ్యాయం నేనే చదివి వినిపించాను. నా గొంతు ఎంత పెద్దదయిందో నాకు తెలియదు కదా. పక్కింటి రొట్టెలవాడికి కూడా ఇప్పుడు మాయ సంగతి క్షుణ్ణంగా తెలుసు.

కనుక నీకు పత్రం ఎందుకు పంపనో అర్థమైంది కదూ? ఎదుట కూర్చుని వినని శిష్యురాలికి కాగితం పంపడమంటే, వినకుండా తల ఊపడమే. నువ్వు మంచిదానివే. నీ కంటే ముందు హమ్దూన్ కూడా మంచివాడే.

పుస్తకం చేతులు మారడానికి మన పెద్దలు రెండు దారులు పెట్టారు. శిష్యులు చదివితే గురువు వినడం ఒకటి. ఆ దారి నాకు మూసుకుపోయింది, మళ్లీ తెరుచుకోదు. గురువు చదివితే శిష్యులు వినడం రెండోది. దానికి కావలసింది నా నోరు, నీ చెవులు, ఒకే గది. చంటిపిల్లతో నువ్వు సముద్రం దాటలేవు. కాబట్టి నేనే దాటుతున్నాను. కస్తీలియా రాజుతో సంధి ఇంకా నిలిచే ఉంది. గాలి తిరగగానే మాలఖా రేవు నుంచి అవతలి ఒడ్డున ఉన్న సబ్తాకు ఓడ, అక్కడినుంచి బిడారుతో ఫేజ్. మీ నాన్న తోడు వస్తాడు, దగ్గుతో సహా. "ఈ వయసులో ఓడేమిటి అత్తా, తుఫాను వస్తే?" అని మీ అమ్మ పలక నిండా రాసింది. వస్తే హోరు వినపడదు, హాయిగా నిద్రపోతానని చెప్పాను. పలక విసిరికొట్టింది. కొత్తది కొనాలి.

నువ్వు చేయవలసింది ఇది. కింది గదిలో పడక వెయ్, మెట్లు ఎక్కలేను. నేర్చుకుంటామన్న మంత్రసానులందరినీ పోగు చెయ్. పాఠం మధ్యలో మాట్లాడవద్దని చెప్పు. మాట్లాడినా నాకు వినపడదు, కానీ మొహాలు చూస్తాను. సిగ్గుపడేవాళ్లు ముందే ఇంటికి వెళ్లిపోవాలి. ఏ అధ్యాయమూ దాటను. ముగిశాక, నేను చదివినది మొదటి మాటనుంచి చివరి మాట దాకా లుబాబా విన్నదని నా చేత్తో రాసి, నీ ఎదుటే సంతకం చేస్తాను.

చెవులు నన్ను అడగకుండానే వెళ్లిపోయాయి. గొంతు కూడా అలాగే వెళ్లేలోపు, దాన్ని నేనే తెచ్చి నీ ఇంట దింపుతాను.

ఇట్లు,
ప్రయాణానికి మూట కట్టుకుంటున్న
నీ నాయనమ్మ