చిట్టి నా చేతిలో తిన్నాడు

సునీతక్కా,

ఈరోజు నీ ఊసరవెల్లి చిట్టి మొదటిసారి నా వేళ్ల మధ్య ఉన్న కీచురాయిని నాలుక చాచి అందుకున్నాడు. నీకే చెప్పాలనిపించింది. నీ నంబరు పనిచేయడం లేదు.

"కనాటా అనే ఊళ్లో ఇంటర్వ్యూ ఉందే. ఆదివారానికల్లా వచ్చేస్తా. నా చిట్టికి రోజూ కీచురాళ్లు వేస్తే చాలు" అని వెళ్లావు. ఈ గ్వెల్ఫ్ ఊళ్లో ఎక్కడా గది దొరకనప్పుడు నీ బేస్‌మెంట్‌లో చోటిచ్చిన అక్కవి. నమ్మాను. చలికాలం గడిచిపోయినా నువ్వు రాలేదు.

వీడియో కాల్‌లో అమ్మ, "కడుపు నిండా పెట్టవే, అదే బలం" అంది. అలాగే పెట్టాను. అయినా చిట్టి కాళ్లు వంకర పోయి, కొమ్మ మీంచి జారిపోయేవాడు. పురుగులకు కాల్షియం పొడి అద్ది వేయాలని, ముందు ఆ పురుగులకు ఆకుకూరలు మేపాలని జంతువుల డాక్టర్ చెప్పింది. పొడి డబ్బా నీ అలమరలోనే దొరికింది. సీలు కూడా తీయలేదు.

ఇప్పుడు వాడు కొమ్మను గట్టిగా పట్టుకుంటున్నాడు. పెరిగాడు కూడా.

కొత్త ఇంట్లో చిలుకను తెచ్చుకున్నావట, మన రమ్య ఫోటో చూపించింది. దానికేం పెట్టాలో కనుక్కో అక్కా. ఈసారి దాన్ని నా మీద వదిలేసి వెళ్లడానికి నేను అక్కడ లేను.

జ్యోతి