రాణి తుమ్మింది, రాగం ఆగలేదు

డెలానీపూర్, పోర్టుబ్లెయిర్
12-2-1964

అన్నయ్యకు సీతారత్నం నమస్కారాలు. ఇక్కడ మేమంతా కులాసా.

నాటకాల జోలికి పోవద్దని నువ్వు కవరులో పెట్టి అంటించి మరీ రాశావు. నేను కార్డు మీదే జవాబు రాస్తున్నాను. మీ పోస్టుమాన్ చదువుకున్నా నాకేం సిగ్గులేదు.

మా తెలుగు సంఘం వేసే పద్యనాటకంలో రాణి వేషం గుమాస్తా గోవిందరాజులుగారిది. అందుకోసం మీసం కూడా తీయించుకున్నారు. పద్యాలు మాత్రం నావి. తెర వెనక నేను పాడుతుంటే ఆయన ముందు నిలబడి పెదవులు కదపాలి. నిన్న రిహార్సల్లో రాగం మధ్యలో ఆయనకు తుమ్ములొచ్చాయి. రాణి తుమ్ముతూనే ఉంది, రాగం సాగుతూనే ఉంది. అందరూ పడీపడీ నవ్వారు. నేను ఆపకుండా తెర తోసుకుని ముందుకొచ్చి, పద్యం పూర్తి చేశాను.

సెక్రటరీ అప్పలస్వామిగారు "అరే దీదీ, అందర్ చలో! లోపలికెళ్ళు! టీచరమ్మవి, జనం ఏటనుకుంటారు?" అని అరిచారు.

"వన్స్ మోర్ అనుకుంటారు" అన్నాను.

గోవిందరాజులుగారే కిరీటం తీసి నా చేతిలో పెట్టి, "నాను మీసం పెంచుకుంటానమ్మా" అన్నారు.

అమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గిందా? వదినకు ఎన్నో నెల? గోంగూర విత్తనాలు, కొత్త చింతపండు ఎవరైనా వస్తుంటే పంపు. పిల్లలకు నా ఆశీస్సులు.

నాటకం ఈ శనివారమే. ఈ కార్డు ఎక్కే ఓడ సోమవారానికి గానీ విశాఖ చేరదు. కోప్పడాలనుంటే తీరిగ్గా కోప్పడు.

నీ చెల్లెలు
సీతారత్నం